ఆనో

భుజం మీద తెల్లోని చెయ్యి పడంగనే పరుశురాం దాన్ని దులుపుకున్నడు. దులుపుకునుడు తప్పేమోనని తర్వాత అనిపించింది. అప్పటికే బట్ట నేసే నాలుగో నంబరు సాంచ ముంగట పదిమంది జమైన్రు, అందరి కండ్లు ఆయన మొకం మీదనే ఉన్నయ్.

అయింది గింతే. పేకను, అంటె అడ్డం పోగును, ఇటుకెళ్లి అటు గుంజుకపోయే పట్టీ ఒకటుంటది, నల్లగ, నున్నగ, నడుముకు పెట్టుకునే బెల్టు లెక్క. అది నడుస్తు నడుస్తు పక్కకు దుంకి తెగింది. పోగులను దువ్వే పన్నె పండ్లు వంగినయ్, నిలువు పడుగు పోగులు వందల కొద్ది తెగి చిక్కువడ్డయ్. పరుశురాం ఎర్ర బటన్ గుద్దిండు. సాంచ ఆగింది. పట్టీ దుంకినప్పుడు తెల్లోడు అవతలి దిక్కు వంగి, పట్టీ పొయ్యే తొవ్వ కాడ చెయ్యి పెట్టి బోల్టు చూస్తున్నడు.

హస్ముఖ్ భాయ్ ఉరికొచ్చిండు. ఆయన ఆ ఖాతకు, అంటె ఆ సాంచల కార్ఖానకు, మాస్టర్. కోపమొస్తె హిందీ ఇడిసిపెట్టి గుజరాతీలకు దిగుతడు. చుట్టు అరువై పాత సాంచలు దడదడ కొట్టుకుంటుంటె చెవిల నోరు పెట్టి అరిచినా సగమే ఇనవడ్తది. ఆయన తెగిన పట్టీని చూపెట్టిండు, పరుశురాంను చూపెట్టిండు, తెల్లోని చెవి కాడికి పోయి అరిచిండు.

"వాంక్ కోనో? కోనో?"

తెల్లోడు తల ఊపిండు. పరుశురాం భుజం మీద చెయ్యేసిండు.

"ఆనో," అన్నడు. "ఆనో, ఆనో."

సూరత్‌ల పద్నాలుగేండ్లున్నోనికి గీ మాటలు ఎవ్వలు నేర్పేది లేదు. చాయ్ బండి కాడ గ్లాసులు పంచేటోడు రోజు అడుగుతడు, కోనో, ఎవనిది అని. మారో అంటె నాది. పక్కనోన్ని చూపెట్టి ఆనో అంటె గీయనది. వాంక్ అంటె తప్పు. తప్పెవనిదని మాస్టర్ అడిగె, గీయనదేనని తెల్లోడు ఒకటికి మూడు సార్లు చెప్పె. దిగి నెలన్న కాలేదు, గుజరాతీల గీ ఒక్క ముక్క మాత్రం మంచిగ పట్టుకున్నడని పరుశురాంకు కడుపు మండిపోయింది.

అసలు ఖాతల కొత్తగ దిగిన ఆ నాలుగు సాంచలు కొత్తయి సుత గావు. స్లొవాకియా అనే దేశంల ఏదో మిల్లు మూతవడితె సేట్ అక్కడి పాత సాంచలు కొనుక్కొచ్చిండు. వాటిని బిగించెతందుకు ఒండ్రెయ్ అనే ఈ అరువై ఏండ్లాయన వచ్చిండు. ఆయనతోని మాటలు మార్చి చెప్పెతందుకు ముంబై నుంచి ఒకడొచ్చిండు గాని, కరోనా ముచ్చట ఇనంగనే వాడు రైలెక్కిండు. అప్పటి సంది ఆయన మాట ఎవ్వలకు రాదు, ఎవ్వల మాట ఆయనకు రాదు. ఇంగ్లీషు ఉన్నదంటె ఉన్నది, నాలుగు బోల్టుల పేర్లు. ఫోన్‌ల మాట మార్చి చెప్పిద్దమంటె సాంచల సప్పుడుకు అది ఏదేదో రాసేది. పక్క సాంచ దశరథంకు మాత్రం ఆ మనిషితోని మస్తు సంబురం. ఒండ్రెయ్ అని పిలిస్తె ఒరేయ్ అన్నట్టే ఉంటది, తెల్లోన్ని ఒరేయ్ అనే మోక మల్ల దొర్కదని రోజుకు పదిసార్లు పిలిచెటోడు.

ఆయన పానాల డబ్బ మీద ఎర్రటి బిళ్ళ ఒకటి అతికిచ్చి ఉన్నది. మూడు నీలం గుట్టలు, వాటి మీద రెండడ్డాల తెల్ల ప్లస్సు. దవాఖాన గుర్తుకు ఒక్కటే అడ్డం ఉంటది, దీనికి రెండున్నయంటె డబల్ రోగమేనని తేల్చింది సుత దశరథమే. అందరు నవ్విన్రు. దేశం పేరుకు నోరు తిరగక యూరప్ అన్నరు, యూరప్ అంటె ఇటలీ అన్నరు. ఇటలీల శవాలు ఎట్ల మోస్తున్నరో టీవీల చూసినంక నవ్వుడు బందైంది. ఆయన వస్తుంటె రుమాలు ముక్కుకు కట్టుకునుడు మొదలైంది.

ఆ నాలుగు సాంచల మీద ఇద్దరినే పెడ్తనని, అందుల పరుశురాం ఒకడని మాస్టర్ ఫిబ్రవరిలనే అన్నడు. ఇప్పుడు తీస్కపోయి పక్కకు నిలవెట్టిండు. మంగళవారం సేట్ వస్తడు, పట్టీ ఎందుకు తెగిందో తెల్లోడు కాగితం మీద రాసిస్తడు, రాసినంక నువ్వు మీ ఊరి తొవ్వ చూస్కో అన్నడు. అప్పటిదాంక ఆయనకు టిఫిన్ మోయమన్నడు. ఎవ్వలు ఖాత మీదున్న ఆయన రూంకు పోమంటున్నరు మరి.

పరుశురాంకు పని పోయేది ఒక్క భయం గాదు. పని ఇంకో ఖాతల దొర్కుతది. గాని సాంచను పాడు చేసే చెయ్యని ఒక్కసారి పేరొస్తె ఖాతలున్న పాండేసర మొత్తం పాకుతది, ఏ మాస్టర్ సుత గడప తొక్కనియ్యడు. ఆయనకున్నది ఆ చేతి పేరొక్కటే.

నవాగామ్‌ల ఇంటికి పొయ్యేసరికి పెండ్లాం ప్రమీల చీరకు రాళ్ళు అంటిస్తున్నది. ముచ్చటంత ఇన్నది. తెల్లోనికి టిఫిన్ మోసుడు మాట రాంగనే లేచి, ఆయన అంగీని కట్టెతోని లేపి బకీటుల ఏసి, కాగిన నీళ్ళు గుమ్మరించింది. రేపటి సంది గల్లీల కాళ్ళు చేతులు కడిగినంకనే లోపలికి రావాలన్నది. ఓనరమ్మకు తెలిస్తె రూం ఖాళీ చేపిస్తదన్నది. మల్ల కూసోని రాళ్ళు అంటిస్తు, తల ఎత్తకుంటనే అడిగింది.

"నిన్ను చూస్తు అన్నడా, సాంచను చూస్తు అన్నడా? జర యాది చేస్కో."

ఎవ్వలను చూస్తె ఏందని ఆమె మీద ఇరుచుకపడ్డడు. గాని పండుకున్నంక ఆ మాటనే తొలిచింది. తెల్లోడు చూసింది ఆయననే. చూస్తు నవ్విండు సుత. తప్పు మోపేటోడు నవ్వుడేందని ఆలోచన రాలే. నవ్వుకుంట గొంతు కోసేటోడని మాత్రం అనుకున్నడు.

శుక్కురారం టిఫిన్ పట్టుకోని డాబా మీదికెక్కిండు. రూం ఒక మూలకు ఉన్నది. ఒండ్రెయ్ చెప్పులు దర్వాజ బయట పక్కపక్కన పెట్టి ఉన్నయ్. తెల్లోళ్ళు బూట్లతోనే పండుకుంటరని అనుకున్న పరుశురాంకు అది జర ఇచ్చంత్రమనిపించింది. టిఫిన్ గడప కాడ పెట్టి పోదామనుకుంటె ఆయన లోపలికి రమ్మని చెయ్యి ఊపిండు. పోక తప్పలే.

ఒండ్రెయ్ బ్రెడ్డు ముక్క తీసిండు. పొట్లం ఇప్పి చిటికెడు ఉప్పు దాని మీద చల్లిండు. చల్లి, అరచేతిల పెట్టుకోని, జర వంగి, పరుశురాం చేతికి అందిచ్చిండు.

పరుశురాం రెండడుగులు ఎనుకకు పోయిండు. ఉప్పు చేతికి చెయ్యి ఇయ్యరు. ఇస్తె పగైతది. ఇంట్ల ప్రమీల సుత ఉప్పు డబ్బ నేల మీద పెడ్తది, అడిగినోళ్ళే తీస్కుంటరు. ఉట్టి ఉప్పు ఇస్తె దొర్కిపోతనని బ్రెడ్డు మీద ఏసి ఇస్తున్నడు వీడు. పేరు చెడగొట్టింది సాలక ఇంట్ల కొట్లాట సుత పెట్టాలని చూస్తున్నడు.

నెత్తి అడ్డం ఊపి, మాట మార్చెతందుకు చాయ్ కావాల్నా అని సైగ చేసిండు.

"ఆనో," అన్నడు ఒండ్రెయ్.

నీకు చాయ్ కావాల్నా అంటె గీయనది అంటడేంది? చాయ్ సుత నాదేనా? పరుశురాం నెత్తికెక్కింది కోపం. చాయ్ తెచ్చి స్టూలు మీద ఠపీమని పెట్టి, మెట్లు దిగేటప్పుడు తెలుగుల నాలుగు తిట్టిండు. మీది నుంచి దగ్గు ఇనవడ్డది. పాండేసర పొగకు దగ్గనోడు ఎవ్వడు లేడు గాని, ఈ దగ్గును మాత్రం పరుశురాం మనసుల పెట్టుకున్నడు.

ఆదివారం ఊరంత బందు. సాయంత్రం అందరు డాబాలెక్కి పళ్ళాలు కొట్టిన్రు, ప్రమీల సుత గంటెతోని కొట్టింది. సోమవారం పొద్దుగాల పరుశురాం ఖాతకు పోతె సాంచలన్ని బంద్. పద్నాలుగేండ్లల ఆ ఖాత గట్ల సప్పుడు లేకుంట ఉండంగ ఆయన ఎన్నడు చూడలే. దశరథం, ఇంకా చానామంది సామాన్లు సదురుకునే పనిల ఉన్నరట. గేటు కాడ హస్ముఖ్ భాయ్, మునిసిపాలిటీ నుంచి వచ్చిన ఇద్దరు నిలవడి ఉన్నరు. బయటి దేశాలకెళ్లి వచ్చినోళ్ళ లిస్టు వాళ్ళ చేతుల ఉన్నది.

ఆయన కాడికి పొయ్యేది నువ్వే గదా అని పరుశురాంనే అడిగిన్రు. దగ్గున్నదా అన్నరు. ఉన్నదన్నడు. అది నిజమే. జరముందా అన్నరు.

రేపు మంగళవారం. రేపు సేట్ వస్తడు, ఈయన కాగితం రాస్తడు. ఇయ్యాల్నే బండెక్కి దవాఖానల పడితె ఎవ్వడు రాస్తడు? ఎవ్వడు మల్ల ఆనో అంటడు?

"ఉన్నది," అన్నడు. "దుప్పటి కప్పుకోని వణుకుతున్నడు."

వాళ్ళు రాసుకున్నరు. పకటేలి మూడు గంటలకు బండి పంపిస్తమన్నరు. హస్ముఖ్ భాయ్ రుమాలు ఇంకింత గట్టిగ కట్టుకున్నడు.

పన్నెండింటికి టిఫిన్ పట్టుకోని పైకెక్కుతు పరుశురాం నడిమెట్టు మీద ఆగిండు. అయినా తప్పు నాదా అనుకున్నడు. ముందు అబద్ధం ఆడింది ఆయన. నా చేతి మీద ఆడిండు. నేను ఆయన జరం మీద ఆడిన, లెక్క సరిపాయె.

రూంల ఒండ్రెయ్ నేల మీద కూసోని ఉన్నడు. ముంగట పాత పేపర్ల మీద ఆ తెగిన పట్టీ, పట్టీ జారకుంట పట్టుకునే కొక్కెం ఉన్నయ్. కండ్లద్దాలు నొసటి మీదికి నెట్టి, ఆ కొక్కేన్ని కిటికీ ఎలుగుకు తిప్పి తిప్పి చూస్తున్నడు. పరుశురాంను చూడంగనే మొకం ఇచ్చుకున్నది. మల్ల బ్రెడ్డు కోసం చెయ్యి పోతుంటె పరుశురాం వద్దని, టిఫిన్ ముంగటికి నూకిండు. పప్పుల ఉప్పు తక్కువుంటదేమోనని, పొట్లం చూపెట్టి కావాల్నా అన్నట్టు సైగ చేసిండు.

"నియె," అన్నడు ఒండ్రెయ్, చెయ్యి అడ్డం ఊపి.

పరుశురాం నీళ్ళు చూపెట్టిండు.

"ఆనో."

గ్లాసు అందుకోని గటగట తాగిండు.

పరుశురాం అట్లనే నిలవడ్డడు. సాంచలు నడుస్తలేవు. మాట సాఫ్‌గ, ఒక్కొక్క అచ్చరం ఇనవడ్డది. మాటతోని సుత తల నిలువుగ ఊగింది, చెయ్యి గ్లాసు కోసం సాగింది. మెల్లగ దర్వాజ కాడికి పోయి బయట ఉన్న చెప్పులు చూపెట్టిండు. ఒండ్రెయ్ దిక్కు ఏలు చూపెట్టి, నీవా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసిండు.

"ఆనో."

అవే చెప్పులు చూపెట్టి తన గుండెల మీద చెయ్యి పెట్టుకున్నడు. నావా?

ఒండ్రెయ్ నవ్విండు. "నియె, నియె."

పరుశురాం గోడకు ఆనుకున్నడు. గీయనది గాదు. ఈ మనిషి భాషల ఆనో అంటె ఔను. ఉట్టి ఔను. చాయ్ కావాల్నా అంటె ఔను అన్నడు. గంతే.

అయినా నమ్మకం చాలలే. కిందికి వంగి తెగిన పట్టీ పట్టుకున్నడు. దాన్ని చూపెట్టి, తనను చూపెట్టుకున్నడు.

ఒండ్రెయ్ నవ్వు ఆగింది. ఎందుకు అడుగుతున్నడో సమజ్ కానట్టు చూసిండు. నియె అని గట్టిగ అన్నడు. కొక్కెం చేతిల పెట్టి, లోపలి దిక్కు బొటనేలుతోని రుద్ది చూడమన్నడు. పరుశురాం రుద్దిండు. పద్నాలుగేండ్ల ఏలుకు అంచు అరిగింది ఎంటనే తెలిసింది. ఏండ్ల కొద్ది అరిగి, రేకు లెక్క సన్నగైంది. పట్టీ దుంకకేం చేస్తది? ఒండ్రెయ్ సుద్దముక్క తీసుకోని నేల మీద గీసిండు. గుట్టలు, గుట్టల నడుమ పెద్ద మిల్లు, మిల్లుల నాలుగు డబ్బలు. నాలుగో డబ్బల ఓ, కే అని రాసిండు. నాలుగో సాంచ పక్కన ఆ రెండచ్చరాలు గీకి ఉన్నయ్. పాస్ చేసి ఓకే కొట్టిన్రని ఖాతలందరు అనుకున్నరు. ఒండ్రెయ్ ఆ ఓ మీద, తన గుండె మీద ఏలు పెట్టిండు. ఓ ఆయన పేరు, కే ఇంటిపేరయి ఉండాలె. ఆ సాంచ ఆయన నడిపిన సాంచ. మిల్లు మీద అడ్డంగ రెండు గీతలు కొట్టి, సుద్ద పక్కకు పెట్టిండు.

పరుశురాం ఇటలీనా అని అడిగిండు. ఒండ్రెయ్‌కు కోపమే వచ్చింది. గీసిన గుట్టలకు మస్తు దూరంల, మంచం కోడు కాడ ఒక చుక్క పెట్టి, తాల్యాన్‌స్కొ అన్నడు. గుట్టల మీద అరచెయ్యి పెట్టి, స్లొవెన్‌స్కొ అన్నడు. మల్ల లేచి నిలవడి, సాంచ ఎన్క వంగినట్టు వంగి, చెయ్యి లోపల పెట్టినట్టు పెట్టిండు. ధన్ అన్నడు నోటితోని. పరుశురాం చేతిని పట్టుకోని, ఎర్ర బటన్ గుద్దినట్టు గాలిల గుద్దిపిచ్చిండు. తన చేతి అయిదు వేళ్ళు ఇప్పి, అన్ని ఉన్నయని ఒక్కొక్కటి ముట్టి చూపెట్టిండు. పరుశురాం భుజం మీద చెయ్యేసిండు.

"ఆనో," అన్నడు.

మాస్టర్ ఆనాడు తననే చూపెట్టి అరిచిండు. సాంచ ఆపి చెయ్యి కాపాడింది గీయననేనా అని అడుగుతున్నడనుకోని, ఔను, ఔను, గీయననే అన్నడు ఈ ముసలాయన. పరుశురాంకు ఏడుపొచ్చింది. సిగ్గుతోని వచ్చింది. ఒండ్రెయ్ కండ్ల నీళ్ళు చూసి ఏమనుకున్నడో, బ్రెడ్డు మీద ఉప్పు చల్లి మల్ల చేతికిచ్చిండు. గీ ఉప్పు పగకు గాదు, వాళ్ళ దిక్కు మర్యాదకేనని ఇప్పుడు సమజై, పరుశురాం తీస్కోని తిన్నడు.

ఏం చెయ్యాల్నో తేలకముందే, మూడింటికి గింత ముందే బండొచ్చింది. తెల్ల సూట్లేసుకున్న ఇద్దరు దిగిన్రు. పొద్దున వచ్చిన మనిషే కాగితం పట్టుకోని ముంగట నడుస్తున్నడు. ఎన్క హస్ముఖ్ భాయ్, మెట్ల కాడనే ఆగి, పరుశురాంను పైకి పొమ్మన్నడు. జరం చూసే గన్ను ఇంకో బండిల ఉండిపోయిందట. దర్వాజ కాడ నిలవడి నోటితోనే అడిగిన్రు.

"బుఖార్ హై?"

ఒండ్రెయ్ అందరి మొకాలు చూసిండు. ఈ సూట్లేందో, ఈ మాటేందో తెల్వలే. మర్యాదకు తల ఊపిండు.

"ఆనో."

తల నిలువుగ ఊగింది సాలు. కాగితం మీద రాసుకున్నరు. సంచి సదురుకొమ్మని సైగ చేసిన్రు. ఒండ్రెయ్ ఇంటికి పంపిస్తున్నరనుకున్నడేమో, ఎర్ర బిళ్ళ ఉన్న పానాల డబ్బను ముందుగాల చేతిల పట్టుకున్నడు. నిజంగ రోగమున్నోళ్ళ నడుమ పండవెడ్తరు ఈయనను. అరువై ఏండ్లాయన. నీళ్ళు అడిగెతందుకు సుత మాట రాదు.

పరుశురాం నోరు మూసుకోని ఉంటె సరిపోతది. ఎవ్వలకు తెల్వది. అరిగిన కొక్కెం ఇప్పుడే జేబుల ఏస్కోని, రేపు సేట్‌కు చూపెట్టొచ్చు, ఆనో అంటె ఏందో చెప్పొచ్చు. అబద్ధమాడిన్నని ఇప్పుడు ఒప్పుకుంటె, ఆ నోటి మాట రేపు ఎవ్వలు ఇంటరు? నోరిప్పితె చేతి పేరు ఇంక రాదు. ఇప్పకుంటె ఈయన పోతడు.

"జరం లేదు," అన్నడు. "నేను అబద్ధం చెప్పిన."

మెట్ల కాడికెళ్లి హస్ముఖ్ భాయ్ పైకి ఉరికొచ్చిండు. మునిసిపాలిటీ మనిషి కాగితం మడిచి, ఇదేమన్న ఆటనా, పోలీసుకు పట్టియ్యాల్నా అని తిట్టిండు. పరుశురాం ఒప్పుకున్నడు, పట్టియ్యమన్నడు, ముందు ఆయన జరం చూడుండ్రి అన్నడు. మూల మీది మందుల షాపు నుంచి థర్మామీటర్ తెప్పిచ్చిన్రు. ఒండ్రెయ్ దాన్ని నోట్ల పెట్టుకోని, చేతులు మోకాళ్ళ మీద పెట్టి, బడి పిల్లగాని లెక్క కూసున్నడు. జరం లేదు. దర్వాజకు కాగితం అంటిచ్చి, పద్నాలుగు దినాలు రూం దాటొద్దని చెప్పి, సంతకం తీస్కోని కిందికి దిగిన్రు. బండి ఖాళీగనే పోయింది.

పరుశురాం కొక్కెం తెచ్చి మాస్టర్ చేతిల పెట్టిండు. అంచు చూడమన్నడు. ఈళ్ళ భాషల ఆనో అంటె ఔనని, ఆనాడు ఆపింది నేనేనా అంటె ఔనన్నడని, హిందీల, గుజరాతీల, వచ్చిన కాడికి చెప్పిండు. హస్ముఖ్ భాయ్ కొక్కేన్ని చూడనన్న చూడలే.

"పొద్దున జరమున్నదంటివి, ఇప్పుడు లేదంటివి. గిప్పుడు ఆనో అంటె ఔనంటున్నవ్. దేన్ని నమ్మాలె నేను?"

నిజమే, ఏది నమ్మాలె. మాస్టర్ దగ్గరికొచ్చిండు. రుమాలు కిందికి జారింది, అయినా పట్టిచ్చుకోలే. మునిసిపాలిటీ ముంగట ఖాత ఇజ్జత్ పోయింది, సేట్‌కు ఏం చెప్పాలె అన్నడు. ఒక్కొక్క మాట ఒత్తి, నెమ్మదిగ అడిగిండు.

"బోల్. వాంక్ కోనో?"

కింద అరువై సాంచలు సప్పుడు లేకుంట ఉన్నయ్. చాయ్ బండి కాడ రోజు అనే మాటనే.

"మారో," అన్నడు.

మంచం మీది నుంచి ఒండ్రెయ్ లేచిండు. మాస్టర్ ఏలు చూపెట్టుడు, పరుశురాం తల దించుకునుడు చూసి, ఆనాటి లెక్కనే ఏదో అడుగుతున్నరని అనుకున్నడు. వచ్చి పక్కన నిలవడి, తన అయిదు వేళ్ళు ఇప్పి మాస్టర్‌కు చూపెట్టి, అదే చెయ్యి పరుశురాం భుజం మీద ఏసిండు.

"ఆనో," అన్నడు. "ఆనో, ఆనో."

ఇన్నవా అన్నట్టు హస్ముఖ్ భాయ్ పరుశురాం దిక్కు చూసిండు. పరుశురాం ఈసారి ఆ చేతిని దులుపుకోలేదు.